అక్షయనీవి: ధర్మసంస్థల వృద్ధికి మూలము

పాణిని మహర్షి తన అష్టాధ్యాయిని 'వృద్ధి' శబ్దముతో ప్రారంభించెను. శాస్త్రాదియందు మంగళము జరుగవలెనను తలంపుతోనే ఆచార్యుడు ఆ పదమును మొదట నిలిపెనని పతంజలి మహాభాష్యమున వివరించినాడు. వృద్ధి మంగళకరమే. ఇల్లు, పంట, సంతానము, విద్య వృద్ధి చెందవలెనని కోరని గృహస్థు లేడు. దేవాలయము, అన్నసత్రము, వేదపాఠశాల, గోశాల, భజన మందిరము మొదలగు ధర్మసంస్థలు వృద్ధి చెందవలెనని కోరుటయు అట్టి సత్సంకల్పమే.

అయితే అదే వ్యాకరణమున వృద్ధికొక కట్టడి కలదు. ఇకారమునకు వృద్ధి వచ్చినచో ఐకారమగును గాని ఔకారము కాదు. ఉకారమునకు ఔకారమే వచ్చును గాని ఐకారము రాదు. ఏ అక్షరము నోటియందు ఏ స్థానమున పుట్టినదో, ఆ స్థానమునకు మిక్కిలి దగ్గరిదైన రూపముగనే అది పెరుగును. ధర్మసంస్థలకును ఈ న్యాయము వర్తించును. ఏ సంకల్పముతో సంస్థ పుట్టినదో ఆ సంకల్పమునకు లోబడి పెరిగినపుడే ఆ పెరుగుదల వృద్ధి యనిపించుకొనును.

ఈ విచారమునకు ఇపుడేమి పని వచ్చెనని పాఠక మహాశయులు అడుగవచ్చును. పుణ్యక్షేత్రములకు పోవు మార్గములలో, ఒకప్పుడు ఎందరో మహనీయులు స్థాపించిన సత్రములు నేడు దాత పేరు చెక్కిన రాతిపలకతో మాత్రమే మిగిలియుండుట యాత్రికులు చూచుచునే యున్నారు. వాటిని స్థాపించినవారికి భక్తి తక్కువ కాదు, ఔదార్యము తక్కువ కాదు. ధర్మమునకు ఆకులు, కొమ్మలు పెరిగినంతగా వేరు పెరుగలేదు. దాని ఫలితమును అనుభవించువాడు ఎవడు? అక్కడ సత్రము కలదను నమ్మికతో ఎండలో నడచి వచ్చి, మూసిన తలుపు ముందు నిలిచిన బాటసారి. 'నిత్యము' అని మనము ప్రకటించిన కైంకర్యము ఒకనాడు ఆగినచో, భగవత్సన్నిధిలో ఇచ్చిన మాట తప్పినట్లే. కనుక ధర్మసంస్థ ఎట్లు పెరుగవలెను, ఎంత పెరుగవలెను అను ప్రశ్న కేవలము లెక్కల ప్రశ్న కాదు, అది ధర్మప్రశ్న.

నీవి యనగా నేమి?

సంస్కృతమున 'నీవి' యను శబ్దమునకు రెండర్థములు ప్రసిద్ధములు. నడుమున కట్టిన వస్త్రపు ముడి ఒకటి. వర్తకుని మూలధనము రెండవది. అమరసింహుడు తన కోశమున ఈ రెండర్థములను చెప్పియున్నాడు. ఈ రెంటికిని గల సామ్యము గమనింపదగినది. వస్త్రము ఎంత విలువైనదైనను, దానిని నిలుపునది ఆ చిన్న ముడియే. ముడి సడలినచో పట్టువస్త్రము నిలువదు, నూలువస్త్రము నిలువదు. అట్లే సంస్థకు మూలధనము. పైకి కనబడునది ఉత్సవము, భవనము, సంతర్పణము. కనబడక వీటినన్నిటిని పట్టియుంచునది నీవి.

ఖర్చు చేయరాని మూలధనమును పూర్వులు 'అక్షయనీవి' యనిరి. మూలమును ముట్టక, దానివలన వచ్చు ఫలమును మాత్రమే ధర్మమునకు వినియోగించుట అక్షయనీవి లక్షణము. చెట్టును నరుకక పండ్లను కోసికొనుట వంటిదిది. అప్రాప్తమైన దానిని పొందుట యోగమనియు, ప్రాప్తమైన దానిని కాపాడుట క్షేమమనియు పెద్దలు వివరింతురు. విరాళములు తెచ్చుట యోగము; వాటిని అక్షయముగ నిలుపుట క్షేమము. సంస్థలను నడపువారిలో అనేకులు యోగమునందు చూపు ఉత్సాహమును క్షేమమునందు చూపరు. చిక్కంతయు నచ్చటనే కలదు.

నాసిక్ గుహలోని లెక్క

అక్షయనీవికి మిక్కిలి ప్రాచీనమైన, మిక్కిలి స్పష్టమైన ఉదాహరణము మహారాష్ట్రమున నాసిక్ కొండగుహలలో కలదు. క్షహరాట వంశీయుడగు నహపానుని అల్లుడు ఉషవదాతుడు క్రీ.శ. రెండవ శతాబ్ది తొలిభాగమున అచ్చట ఒక గుహను తొలిపించి, అందు వర్షాకాలమున వసించు బౌద్ధ భిక్షువుల కొరకు 3000 కార్షాపణములను అక్షయనీవిగ ఇచ్చెను. ఇచ్చినది భిక్షువులకైనను, ఆ ఏర్పాటు ఏ మతస్థులకైనను పాఠము కాదగినది.

ఆ ధనమును ఆయన పెట్టెలో దాచుమనలేదు. గోవర్ధన పట్టణమునందలి సాలెవారి శ్రేణులు రెండింటి వద్ద నిలువ ఉంచెను. ఒక శ్రేణి వద్ద 2000, నెలకు నూటికి 1 వడ్డీ. మరియొక శ్రేణి వద్ద 1000, నెలకు నూటికి ముప్పాతిక వడ్డీ. మూలమును తిరిగి తీసికొనరాదు. వడ్డీ మాత్రమే అనుభవింపవలెను. మొదటి వడ్డీనుండి గుహయందు వసించు 20 మంది భిక్షువులకు ఒక్కొక్కరికి 12 కార్షాపణముల వంతున వస్త్రముల కొరకు ఈయవలెను. రెండవ దానినుండి వారి ఇతర స్వల్పావసరములు తీరవలెను.

ఇప్పుడు లెక్క చూడుడు. 2000 కార్షాపణములకు నెలకు నూటికి 1 వంతున నెలకు 20, సంవత్సరమునకు 240. భిక్షువులు 20 మంది; ఒక్కొక్కరికి 12. ఇరువది పండ్రెండులు 240. రాబడియు వ్యయమును ఒక్క కాసు హెచ్చుతగ్గులు లేక సరిపోయినవి. ఆ దాత నూరుమందికి వస్త్రములిత్తునని ప్రతిజ్ఞ చేయలేదు. తన నీవి ఎంతమందిని మోయగలదో అంతమందికే వాగ్దానము చేసెను.

ఇంకను రెండు విశేషములు కలవు. ధనమునంతను ఒకేచోట ఉంచక రెండు శ్రేణుల వద్ద ఉంచుట ఒకటి. ఈ దానమును నగరసభలో చదివి వినిపించి, పత్రశాలలో నమోదు చేయించి, పిమ్మట రాతిపై చెక్కించుట రెండవది. దాత కాలము చేసినను, శ్రేణిపెద్దలు మారినను, లెక్క అందరికిని తెలిసియుండును. బహిరంగమైన లెక్కయే ధర్మమునకు కంచె.

తిరుమల శాసనములు చూపు మార్గము

ఇక మన తిరుమల క్షేత్రమునకు వత్తము. పల్లవ రాజవంశమునకు చెందిన సామవై యను రాణి శ్రీవారికి వెండి భోగమూర్తిని సమర్పించిన శాసనము క్రీ.శ. 966 నాటిదని చెప్పబడుచున్నది. ఆమె మూర్తిని, ఆభరణములను ఇచ్చి ఊరకుండలేదు. ఆ మూర్తికి జరుగవలసిన నైవేద్య ఉత్సవాదులకు భూములను గూడ సమర్పించెను. ఆ భోగశ్రీనివాసమూర్తికే నేటికిని ఏకాంతసేవ జరుగుచున్నది. విగ్రహముతోపాటు దాని నిత్యపోషణమును గూడ ఆలోచించుట దానవిధికి పూర్ణత్వము.

తిరుమల తిరుపతి దేవస్థానమువారు 1931 మొదలు 1938 వరకు శాసనములను ఆరు సంపుటములుగ ప్రకటించిరి. వేయికి మించిన ఆ శాసనములలో అధికభాగము తమిళమున నున్నవి. విజయనగర కాలపు శాసనములను పరిశీలించినచో ఒక పద్ధతి మరల మరల గోచరించును. భక్తుడు ఒకడు కొంత ద్రవ్యమును శ్రీభండారమునకు చెల్లించును. స్థానాధిపతులు ఆ ద్రవ్యమును అప్పుడే వండి వడ్డించివేయరు. స్వామివారి తిరువిడైయాట్ట గ్రామములలో చెరువులు, కాలువలు త్రవ్వించుటకు వినియోగింతురు. నీరు వచ్చిన పొలమున అధికముగ పండిన ధాన్యమునుండి ఆ భక్తుని పేర నైవేద్యము జరుగును. నివేదిత ప్రసాదమున నాలుగవ వంతు దాతకు చెందును. అనేకులు తమ వంతును యాత్రికుల భోజనమునకు, మఠములకు విడిచిరి.

ఈ పద్ధతియందలి వివేకమును నిదానముగ ఆలోచింపవలెను. ద్రవ్యము నీరైనది; నీరు ధాన్యమైనది; ధాన్యము ప్రసాదమైనది. రైతు బాగుపడెను, గ్రామము బాగుపడెను, స్వామికి నైవేద్యము జరిగెను, యాత్రికుడు ఆకలి తీర్చుకొనెను. నాణెముల వడ్డీ ధరలు పెరిగినకొలది చాలకపోవచ్చును. ధాన్యముగ వచ్చు ఫలమునకు ఆ భయము తక్కువ. శేరు బియ్యము ఎన్నటికిని శేరు బియ్యమే. కావుననే ఆనాటి పెద్దలు మూలధనమును పంటకు మూలమైన నీటియందు నిలిపిరి. ఒక్కొక్క దానముతో ఒక్కొక్క సేవ చేరుచు, కైంకర్యములు మెట్టుమెట్టుగ పెరిగినవి. కొత్త సేవ చేరినపుడెల్ల దానిని పోషించు కొత్త మూలమును చేరుచుండెను.

సాళువ నరసింహుని కాలమున, 15వ శతాబ్దిలో, తిరుపతియందును తిరుమలయందును రామానుజకూటములనెడి అన్నసత్రములు ఏర్పడినవి. వాటి నిర్వహణమును కందాడై రామానుజయ్యంగారు చేపట్టిరి. అవియు గ్రామముల రాబడిపై ఆధారపడినవే.

అయితే చెరువునకు పూడిక పడును. ఏటేట తీయనిచో నీరు నిలువదు. రాజ్యములకును అంతియే. 1565 పిదప విజయనగర సామ్రాజ్యము క్షీణించినకొలది, గ్రామముల రాబడి చేతులు మారి, ఆచంద్రార్కమని చెక్కించిన సేవలలో పెక్కులు లోపించినవి. కనుక అక్షయమను పేరు పెట్టినంత మాత్రమున నీవి అక్షయము కాదు. ప్రతి తరము దానిని తిరిగి కాపాడుకొనవలసియే యుండును.

రెండువేల ఆకులతో మొదలైన యజ్ఞము

సమీప కాలమునుండి ఒక ఉదాహరణము. తిరుమలలో నిత్యాన్నదాన పథకము 6-4-1985న నాటి ముఖ్యమంత్రి శ్రీ నందమూరి తారక రామారావుగారిచే ప్రారంభింపబడినది. ఆరంభమున దినమునకు 2000 మందికి భోజనము. కొండకు వచ్చు యాత్రికుల సంఖ్యతో పోల్చినచో అది స్వల్పమే. అయినను అందరికిని ఒక్కసారిగ పెట్టుదుమను ప్రతిజ్ఞ చేయక, చేయగలిగినంతతో మొదలిడుట మంచి నడక.

పిమ్మట 1994లో దానికి ప్రత్యేక ట్రస్టు ఏర్పడినది. భక్తుల విరాళములను జాతీయ బ్యాంకులలో నిలువ ఉంచి, దానిపై వచ్చు వడ్డీతో అన్నదానము నడుపు విధానము స్థిరపడినది. ఇది నాసిక్ గుహలోని అక్షయనీవియే. సాలెవారి శ్రేణి స్థానమున బ్యాంకు వచ్చినది. మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేర నున్న విశాలమైన అన్నప్రసాద భవనము 2011లో ప్రారంభమైనది. పథకము మొదలైన 26 సంవత్సరములకు ఆ మహాభవనము వచ్చినదని గమనింపవలెను. ముందు ఆకు, తరువాత మూలధనము, ఆ పిదప మండపము. మనలో అనేకులు ఈ క్రమమును తలక్రిందులు చేసి, మొదటనే మండపమునకు శంకుస్థాపన చేయుదురు. మండపము పూర్తియగునప్పటికి వడ్డించుటకు బియ్యముండవు.

మనుష్యులును నీవియే

ధనము ఒక్కటే నీవి కాదు. కైంకర్యము తెలిసిన మనుష్యులు అంతకంటె గొప్ప మూలధనము. భగవద్రామానుజులవారు శ్రీరంగమున ఆలయసేవకులను గణములుగ విభజించి ఎవరి విధి వారికి నిర్ణయించిరనియు, తమ అనంతరము సంప్రదాయము నిలుచుటకై 74 మంది సింహాసనాధిపతులను నియమించిరనియు మన పెద్దలు చెప్పుదురు. అంతటి మహాచార్యులు సర్వమును తమ చేతియందే ఉంచుకొనలేదు. తాము లేని దినమున గూడ కైంకర్యము నడువవలెనని ముందుగనే ఏర్పాటు చేసిరి.

నేటి సంస్థలలో తరచుగ ఒక్క వ్యక్తియే తాళపుచెవులు, లెక్కలు, పరిచయములు అన్నియు మోయుచుండును. ఆయన ఉన్నంతవరకు సంస్థ వర్ధిల్లును. ఆయన మంచమెక్కిన దినమున పొయ్యి వెలుగదు. దీనికి ప్రతిక్రియ యొక్కటే. ప్రతి పనికిని ఇద్దరు తెలిసినవారుండవలెను. వంటకు ఒక పెద్ద, ఆయన ప్రక్కన ఒక చిన్నవాడు. లెక్కకు ఒక పెద్ద, ఆయన ప్రక్కన మరియొకడు. వేదపాఠశాలలో అధ్యాపకుడు శిష్యునిచే చిన్నతరగతికి సంత చెప్పించుట యిందులకే.

గ్రామసంస్థలకు ఒక లెక్క

ఇప్పుడు మన ఊరి భజన మండలిని తలచుకొందము. ద్వాదశి పారణకు 50 మందికి భోజనము పెట్టవలెనని వారి కోరిక యనుకొందము. ఒక్కొక్క విస్తరికి 60 రూపాయల వంతున ఒక ద్వాదశికి 3,000. సంవత్సరమునకు 24 ద్వాదశులు, వెరసి 72,000. బ్యాంకులో నూటికి సంవత్సరమునకు 6 రూపాయలు వచ్చునని ఉజ్జాయింపుగ తీసికొన్నచో, దీనికి 12 లక్షల మూలనిధి కావలెను. వారి వద్ద నున్నది 6 లక్షలు. వచ్చు వడ్డీ 36,000.

ఇపుడు మూడు మార్గములు కలవు. మొదటిది, 24 ద్వాదశులును చేయుదుమని ప్రకటించి, తక్కువైన దానికి మూలమునుండి తీయుట. ప్రథమ సంవత్సరమే 36,000 మూలమునుండి పోవును. మరుసటి ఏడు వడ్డీ తగ్గును, ధరలు పెరుగును, తీయవలసిన మొత్తము హెచ్చును. కొలది సంవత్సరములలో మూలమును ఉండదు, పారణయు ఉండదు. రెండవది, ప్రతి ద్వాదశికి ముందు ఇంటింటికి తిరిగి యాచించుట. ఇది నడుచును గాని, తిరుగువాని ఓపికయే దానికి హద్దు.

మూడవది ఉషవదాతుని మార్గము. 12 శుక్లద్వాదశులకు మాత్రమే సంకల్పము చెప్పుకొనవలెను. వడ్డీలో నూటికి 15 వంతున 5,400 మూలమునకు తిరిగి చేర్చి, మిగిలిన 30,600 తో ఒక్కొక్క ద్వాదశికి 2,550 వ్యయింపవచ్చును. అది 42 మందికి సరిపోవును. 'ఏబది' అనుకొన్నది నలుబదిరెండైనది. కాని ఆ నలుబదిరెండు విస్తళ్లు తప్పవు. మూలనిధి 12 లక్షలకు చేరిన పిమ్మట కృష్ణద్వాదశిని చేర్చుకొనవచ్చును.

ధార్మిక సంస్థలు తమ ఆదాయమున నూటికి 85 పాళ్లు ధర్మకార్యమునకే వినియోగింపవలెననియు, 15 పాళ్ల వరకు నిలుపుకొనవచ్చుననియు ఆదాయపు పన్ను నియమము సామాన్యముగ చెప్పుచున్నది. ఆ 15 పాళ్లు మాత్రమే ధరల పెరుగుదలను తట్టుకొనలేవు. కావున ఏటేట వచ్చు కొత్త విరాళములలో కొంతభాగమును మూలనిధికి అడుగవలెను. దాత తన పత్రమునందు 'మూలనిధికి' అని స్పష్టముగ వ్రాసియిచ్చినచో లెక్కయు సక్రమముగ నుండును, దానిని వేరొక దానికి మరల్చుటకును వీలుండదు.

సంస్థలను నడపువారు జ్ఞాపకముంచుకొనదగిన నియమములు మరి నాలుగు కలవు.

1. ఒక ధర్మమునకు వచ్చిన ధనమును మరియొక ధర్మమునకు వాడరాదు. గోశాల గ్రాసమునకు ఇచ్చిన రూపాయితో గోపురమునకు రంగు వేయించుట దాత సంకల్పమును భంగపరచుట యగును.

2. కొత్త కైంకర్యమును చేపట్టుటకు ముందు, ఉన్న కైంకర్యము గత సంవత్సరమున ఒక్కనాడైనను లోపించినదా యని విచారింపవలెను. లోపించినచో దానిని సరిచేయువరకు కొత్తది తలపెట్టరాదు.

3. భవనము కట్టుటకు చందా అడుగునపుడే, దాని సున్నము, దీపము, నీరు, కాపలాదారు జీతము ఎచ్చటనుండి వచ్చునో చెప్పవలెను.

4. సంవత్సరమున కొకసారి జమాఖర్చులను తనిఖీ చేయించి, ఆలయ మండపమున అందరు వినునట్లు చదువవలెను. నలుగురు ప్రశ్నించుదురని వెరవరాదు. ప్రశ్నించువాడే మరుసటి ఏడు దాతయగును.

దాతలకు ఒక మాట

లోపము నిర్వాహకులదే యనుట న్యాయము కాదు. దాతలమైన మనకును ఇందు పాలు కలదు. కొత్త మండపముపై పేరు చెక్కించుటకు ముందుకు వచ్చువారు వందమంది. ఉన్న మండపము కప్పు కురియుచున్నదన్నచో వచ్చువారు ఇద్దరు. ఉత్సవము నాటి పులిహోరకు ఇచ్చుటయందున్న సంతోషము, వంటవాని జీతమునకిచ్చుటయందు మనకు కలుగదు. కాని ఆ వంటవాడు లేనిచో పులిహోర ఎచ్చటిది? నిర్వాహకుడు ఆడంబరమునకు దిగుట చాలవరకు మన అభిరుచిని చూచియే. మనము 'ఈ సంవత్సరము ఏమి కొత్తగ కట్టినారు?' అని అడుగుట మాని, 'పాతది నిరాటంకముగ నడుచుచున్నదా?' అని అడిగినచో సంస్థల నడవడియే మారును.

తాము శ్రీమన్నారాయణునకు శేషభూతులమనియు, కైంకర్యమే తమకు స్వరూపమనియు శ్రీవైష్ణవులు నమ్ముదురు. శేషుడైనవాడు స్వామిసొత్తుపై స్వామ్యము వహింపడు, దానిని కాపాడును. సంస్థాధ్యక్షుడైనను, కోశాధికారియైనను ఆ సొత్తునకు కావలివాడే. తనకు ముందటివారినుండి అందుకొన్న నీవిని, తనకు తరువాతి వారికి తగ్గకుండ అప్పగించినవాడు ధన్యుడు. మరికొంత చేర్చి అప్పగించినవాడు మరింత ధన్యుడు.

ఈ మాసమున మీ ఊరి ఆలయ సంఘమో, భజన మండలియో సమావేశమైనపుడు, కొత్త పథకములకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనుడని నా విన్నపము: 'మన నీవి యెంత? అది ఎందరిని మోయగలదు?' దొరికిన సమాధానము చిన్నదైనను సిగ్గుపడవలదు. ప్రతి ద్వాదశికి నలుబదిరెండు విస్తళ్లు, తప్పక, మన మనుమల కాలమువరకు పరచబడినచో అదియే మహాయజ్ఞము. ఆపదమొక్కులవాడగు శ్రీనివాసుడు మన ధర్మసంస్థలకు అట్టి స్థిరమైన వృద్ధిని, వాటిని నడపువారికి నిశ్చలమైన బుద్ధిని అనుగ్రహించుగాక!